పదిహేడేళ్ళ పిల్లకు యావజ్జీవ శిక్ష
విడుదల కోసం పదేళ్ళ నిరీక్షణ: నాగ కొండల రాణి గైడిన్లియు జీవితం

విశాఖపట్నం హిందూస్థాన్ షిప్‌యార్డులో తయారై 2016లో తీర రక్షక దళంలో చేరిన ఒక గస్తీ ఓడకు రాణి గైడిన్లియు అని పేరు పెట్టారు. మన నోటికి కొత్తగా ఉండే ఈ పేరు ఏ రాజుగారి భార్యదో, ఏ సంస్థానాధీశురాలిదో అనుకుంటే పొరపాటే. ఆమెకు కోట లేదు, సంస్థానం లేదు. బడికి వెళ్ళి చదువుకున్నదీ లేదు. సముద్రానికి చాలా దూరాన, మణిపూర్ కొండలలో పోడు కొట్టుకొని బ్రతికే నాగ జాతివారి ఇంట పుట్టిన పిల్ల ఆమె. పదిహేడేళ్ళ వయసులో తెల్లదొరల ప్రభుత్వం ఆమెను పట్టుకొని యావజ్జీవ శిక్ష వేసింది. ముప్పై రెండేళ్ళు వచ్చాక గాని ఆమె జైలు గుమ్మం దాటలేదు.

ఆమెను విడిచిపెట్టమని అడిగినవారు సామాన్యులు కారు. అడిగిన సంగతి లండను దాకా వెళ్ళింది. అయినా ఆ విన్నపం ఫలించడానికి పదేళ్ళు పట్టింది. ఆమె చేసిన నేరం అంత ఘోరమైనది కావడం వల్లనే ఇంత ఆలస్యం జరిగిందా, లేక మరేదైనా కారణం ఉందా అన్నది ఆమె జీవితం తెలుసుకుంటే బోధపడుతుంది.

కొండ ఊరిలో పుట్టుక

గైడిన్లియు 1915 జనవరి 26న లువాంగ్‌కావో అనే గ్రామంలో జన్మించింది. ఈ గ్రామం నేటి మణిపూర్ రాష్ట్రంలో తమెంగ్‌లాంగ్ జిల్లాలో ఉంది. తలిదండ్రులకు ఎనిమిది మంది సంతానం. అందులో ఆమె అయిదవది. ఆ చుట్టుపక్కల బడి అంటూ లేదు గనుక చదువు అబ్బలేదు. నాగులలో అనేక తెగలు ఉన్నాయి. ఆమెది రోంగ్మై తెగ. జెమె, లియాంగ్మై, రోంగ్మై అనే మూడు దగ్గరి తెగలను కలిపి జెలియాంగ్‌రోంగ్ అని పిలవడం తరువాతి కాలంలో వాడుకలోకి వచ్చింది. ఈ తెగల ఊళ్ళు మణిపూర్ సంస్థానంలో కొన్ని, నాగ హిల్స్ జిల్లాలో కొన్ని, ఉత్తర కచార్ కొండలలో కొన్ని ఉండేవి. అన్నదమ్ముల వంటి ఊళ్ళు మూడు కచ్చేరీల కింద పడి ఉండేవన్న మాట.

మన ఏజెన్సీ ప్రాంతం ఎరిగినవారికి ఆ కొండల బ్రతుకు కొత్తగా తోచదు. అడవి నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తనం చల్లుకొని పంట తీయడం అక్కడా ఉంది. తెల్లవారి పాలన వచ్చాక ఇంటి పన్ను వచ్చింది. పన్ను కంటే బాధ పెట్టినది వెట్టి. దొరలు క్యాంపుకు బయలుదేరితే వారి సామాను మోయడానికి ఊళ్ళ నుండి మనుషులను పంపాలి. పోడు పనుల అదును అని గాని, ఇంట్లో జబ్బు అని గాని చెప్పడానికి వీలు లేదు. రోడ్డు పనులకూ అంతే.

గూడెం, చింతపల్లి కొండలలో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన 1922లో మొదలైన పితూరీకి కూడా రోడ్ల పనులలో గిరిజనులను పీడించడం ఒక ముఖ్య కారణం. రెండు చోట్లా బాధ ఒకటే. బాధపడినవారిని అణచడానికి వచ్చిన పటాలం కూడా ఒకటే. 1924లో సీతారామరాజును వేటాడడానికి మన మన్యానికి దింపిన అస్సాం రైఫిల్సు దళమే, మరి ఎనిమిదేళ్ళకు ఈ పిల్ల కోసం నాగ కొండలు గాలించింది.

జాదోనాంగ్ బాటలో

గైడిన్లియుకు వరసకు అన్న అయిన హైపౌ జాదోనాంగ్ అనే యువకుడు కంబిరోన్ గ్రామంలో ఉండేవాడు. ఆయన 1905లో పుట్టినవాడు. తమ జాతి పాత నమ్మకాలను సంస్కరించి, దండిగా ఖర్చయ్యే బలులను, నిషేధాలను తగ్గించి, టింగ్‌కావ్ రగ్వాంగ్ అనే ఒకే పరమేశ్వరుని కొలవాలని బోధించాడు. గుడులు కట్టించాడు. కచార్ వైపున ఉన్న భువన్ కొండ గుహకు జనాన్ని యాత్రగా తీసుకువెళ్ళాడు. ఆ ఉద్యమమే తరువాత హెరకా అన్న పేరుతో ప్రసిద్ధి పొందింది. దైవభక్తితో పాటు ఆయన మరో మాట కూడా చెప్పాడు. తెల్లవారి రాజ్యం పోయి నాగుల రాజ్యం వస్తుందని, వారికి పన్ను కట్టవద్దని అన్నాడు. ఆ మాటతో ప్రభుత్వం కన్ను ఆయన మీద పడింది.

1927లో, పన్నెండు పదమూడేళ్ళ ఈడులో, గైడిన్లియు ఆయన వద్ద చేరింది. అన్న చెప్పిన పూజా విధానం నేర్చుకుంది. ఊరూరా తిరిగి పాటలు, ప్రార్థనలు నేర్పింది. చిన్నపిల్ల అయినా ఆమె నోట దైవం పలుకుతుందని జనం నమ్మసాగారు.

1931 ఫిబ్రవరిలో జాదోనాంగ్‌ను ప్రభుత్వం నిర్బంధించింది. కంబిరోన్ ప్రాంతానికి వచ్చిన నలుగురు మణిపురి వర్తకులను చంపించాడన్నది ఆయన మీద కేసు. ఆయన అనుచరులు ఈ నేరారోపణను ఎన్నడూ ఒప్పుకోలేదు. 1931 ఆగస్టు 29న ఇంఫాల్‌లో ఆయనను ఉరితీశారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరేళ్ళు.

నాయకుడు పోతే ఉద్యమం చల్లారుతుందని అధికారులు అనుకున్నారు. కాని జనం ఆయన స్థానంలో ఆ పదహారేళ్ళ పిల్లను నిలబెట్టుకున్నారు.

ఊరికి పదేళ్ళ పన్ను మాఫీ

గైడిన్లియు పన్ను కట్టవద్దని, దొరల మూటలు మోయవద్దని బహిరంగంగానే చెప్పింది. ఊళ్ళకు ఊళ్ళు ఆమె మాట విన్నాయి. నాగ హిల్స్ డిప్యూటీ కమిషనరు జె.పి. మిల్స్ పర్యవేక్షణలో అస్సాం రైఫిల్సు దళాలు కొండలెక్కాయి. ఆమె ఆచూకీ చెప్పినవారికి మొదట 200 రూపాయలు, తరువాత 500 రూపాయలు బహుమానం ప్రకటించారు. అంతటితో ఊరుకోలేదు. సమాచారం అందించిన గ్రామానికి పదేళ్ళ పాటు పన్ను మాఫీ చేస్తామన్నారు. పన్ను బాధతోనే తిరగబడినవారికి ఆ పన్నునే ఎరగా వేశారు. అయినా నెలల తరబడి ఆమె చిక్కలేదు. ఒక ఊరి నుండి మరో ఊరికి, మణిపూర్ కొండల నుండి ఉత్తర కచార్‌కు, అక్కడ నుండి నాగ హిల్స్‌కు ఆమె మారుతూ పోయింది. దారిలోని ఊళ్ళు ఆమెకు అన్నం పెట్టాయి, దాచి ఉంచాయి.

1932 ఫిబ్రవరి, మార్చి మాసాలలో ఉత్తర కచార్ కొండలలో ఆమె అనుచరులకూ, పటాలానికీ మధ్య ఘర్షణలు జరిగాయి. మార్చి 18న హాంగ్రుమ్ గ్రామం వద్ద ఆమె మనుషులు బల్లేలతో, కత్తులతో పటాలం మీదికి వెళ్ళారు. ఎదుటివారి వద్ద తుపాకులు ఉన్నాయి. ఫలితం ఏమై ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. తమకు తూటాలు తగలవని ఆ అమాయకులలో చాలామంది నమ్మారు.

చివరకు ఆమె నేటి నాగాలాండ్‌లోని పులోమి గ్రామం చేరింది. వేల మంది పట్టేటట్లు అక్కడ పెద్ద పెద్ద దుంగలతో కోట కట్టడం మొదలుపెట్టారు. ఆ పని పూర్తి కాకముందే, 1932 అక్టోబరు 17న కెప్టెన్ మెక్‌డొనాల్డ్ దళం అకస్మాత్తుగా ఊరి మీద పడింది. ఎదురు తిరిగే వ్యవధి కూడా లేకుండా గైడిన్లియు పట్టుబడింది. అప్పటికి ఆమెకు పదిహేడు నిండి పద్దెనిమిదవ ఏడు నడుస్తోంది.

ఆమెను కొహిమాకు, అక్కడ నుండి ఇంఫాల్‌కు తరలించారు. అదే సంవత్సరం డిసెంబరులో ఆమె అనుచరులు కొందరు, ఆమె ఆచూకీ చెప్పాడన్న అనుమానంతో ఒక బంగళా కావలివాణ్ణి చంపారు. అతడు కుకీ తెగవాడు. ఉద్యమంలో ఇటువంటి దారుణాలు జరగలేదని చెప్పడం న్యాయం కాదు. చనిపోయినవారికీ ఇల్లూ వాకిలీ, ఆలుబిడ్డలూ ఉంటారు. పది నెలల పాటు విచారణ సాగిన మీదట, హత్య, హత్యకు ప్రోత్సాహం అన్న నేరాల కింద పొలిటికల్ ఏజెంటు కోర్టు ఆమెకు యావజ్జీవ కారాగార శిక్ష విధించింది. ఆమె అనుచరులలో కొందరికి ఉరి, కొందరికి జైలు పడింది.

నాలుగు జైళ్ళు

1933 నుండి ఆమె జైలు జీవితం మొదలైంది. గౌహతి జైలులో ఏడాది, షిల్లాంగ్ జైలులో ఆరేళ్ళు, లుషాయి కొండలలోని ఐజాల్‌లో మూడేళ్ళు, గారో కొండలలోని తురాలో నాలుగేళ్ళు ఆమెను ఉంచారు. ఈ నాలుగూ ఆమె పుట్టిన ఊరికి దూరమే. ఆమె తోటి ఆడపిల్లలకు పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు. ఈమె ఈడు మాత్రం ఒక గోడ నుండి మరో గోడకు మారుతూ గడిచిపోయింది. జీవితాంతం ఆమె వివాహం చేసుకోలేదు.

దేశంలో ఆ రోజులలో స్వాతంత్ర్యోద్యమం జోరుగా ఉంది. ఉప్పు సత్యాగ్రహంలో, శాసనోల్లంఘనంలో జైలుకు వెళ్ళినవారి పేర్లు పత్రికలలో పడేవి. వారి తరఫున వాదించడానికి ప్లీడర్లు ఉండేవారు. వారి విడుదల కోరుతూ సభలు జరిగేవి. కొండజాతి పిల్లకు ఆ అండ లేదు. అయిదేళ్ళ పాటు బయటి దేశంలో బహు కొద్దిమందికి తప్ప ఆమె పేరే తెలియదు.

నెహ్రూ పూనిక

1937 చివరలో అప్పటి కాంగ్రెసు అధ్యక్షుడు పండిట్ జవహర్‌లాల్ నెహ్రూ అస్సాంలో పర్యటించాడు. ఆ పర్యటనలో ఆయనకు ఈ పిల్ల సంగతి తెలిసింది. షిల్లాంగ్ జైలులో ఆమెను స్వయంగా కలుసుకున్నాడని చాలా గ్రంథాలలో ఉంది. ఆయన మనసు కలత చెందింది. హిందూస్థాన్ టైమ్స్ పత్రికలో ఆమెను గురించి వ్రాశాడు. దేశమంతా స్వేచ్ఛ కోసం మేల్కొంటున్న వేళ ఆ కొండల బిడ్డ ఒంటరిగా చీకటి గదిలో పడి ఉన్నదని, దేశం ఆమెను తలచుకునే రోజు వస్తుందని ఆయన వ్రాసిన దాని సారాంశం. నాగుల రాణి అని ఆమెను పేర్కొన్నాడు. నాటి నుండి రాణి అన్న మాట ఆమె పేరుకు ముందు నిలిచిపోయింది.

అప్పుడు అదను కూడా మంచిదే అనిపించింది. 1935 చట్టం ప్రకారం ఎన్నికలు జరిగి, 1937లో మద్రాసుతో సహా అనేక రాష్ట్రాలలో కాంగ్రెసు మంత్రివర్గాలు ఏర్పడ్డాయి. రాజకీయ ఖైదీల విడుదల వారి మొదటి పనులలో ఒకటి. ఉత్తరప్రదేశ్‌ను అప్పట్లో సంయుక్త రాష్ట్రాలు అనేవారు. 1938 ఫిబ్రవరిలో అక్కడా, బీహారులోనూ ఖైదీల విడుదలకు గవర్నర్లు అడ్డు తగిలితే మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. కొద్ది రోజులకే రాజీ కుదిరి ఖైదీలు బయటకు వచ్చారు. మంత్రులు పట్టుబడితే జైలు తలుపు తెరుచుకుంటుందని దేశం చూచింది.

గైడిన్లియు విషయంలో మాత్రం ఆ తలుపు తెరుచుకోలేదు.

మంత్రుల చేతికి అందని కొండలు

అందుకు మొదటి కారణం చట్టంలోనే ఉంది. 1935 చట్టం నాగ హిల్స్, ఉత్తర కచార్, లుషాయి కొండల వంటి ప్రాంతాలను మినహాయించిన ప్రాంతాలుగా విడదీసింది. జనం ఎన్నుకున్న మంత్రులకు ఆ కొండల పాలనలో జోక్యం లేదు. అక్కడ గవర్నరుదే పూర్తి పెత్తనం. కొండజాతుల మేలు కోసమే ఈ ఏర్పాటు అని ప్రభుత్వం చెప్పుకుంది. ఆ కంచె ఈ పిల్ల పాలిట రెండవ జైలు గోడ అయింది.

రెండవ కారణం మణిపూర్. అది సంస్థానం. ఆమెకు శిక్ష వేసింది అక్కడి పొలిటికల్ ఏజెంటు కోర్టు. అస్సాం మంత్రివర్గానికి దాని మీద అధికారం లేదు. 1938 సెప్టెంబరులో అస్సాంలో గోపీనాథ్ బర్దొలాయ్ నాయకత్వాన కాంగ్రెసు కూటమి అధికారంలోకి వచ్చింది. 1939 నవంబరు దాకా ఉంది. అంటే ఆ కాలంలో ఆమె ఉన్న జైలు అస్సాంలోనే ఉన్నా, అస్సాం ముఖ్యుల చేతిలో ఆ జైలు తాళం మాత్రం లేదు.

ఇక మిగిలింది లండను. నెహ్రూ బ్రిటిష్ పార్లమెంటు సభ్యురాలు లేడీ ఆస్టర్‌కు ఈ విషయం వ్రాశాడు. బ్రిటిష్ కామన్స్ సభలో కూర్చున్న మొదటి మహిళ ఆమె. ఒక ఆడపిల్ల కష్టం మరో ఆడమనిషి ద్వారా చెప్పిస్తే వింటారేమోనన్న ఆశ అందులో ఉండి ఉండవచ్చు. లేడీ ఆస్టర్ ఇండియా మంత్రిగా ఉన్న జెట్లండ్ ప్రభువును అడిగింది. ఆయన కాదన్నాడు. ఆమె ఉద్యమం ఇంకా చావలేదని, ఆమెను వదిలితే కొండలలో మళ్ళీ అలజడి రేగవచ్చునని ఆయన చెప్పిన కారణం.

ఈ కారణాన్ని కొంచెం నిదానించి చూడాలి. క్షమాభిక్ష అడిగినప్పుడు చూడవలసినవి కొన్ని ఉంటాయి. నేరం జరిగినప్పుడు ఖైదీ వయసు ఎంత, అప్పటికి ఎన్నేళ్ళు శిక్ష అనుభవించారు, జైలులో నడవడి ఎలా ఉంది అన్నవి అందులో ముఖ్యం. ఈ లెక్కన చూస్తే పదిహేడేళ్ళకు లోపలికి వెళ్ళి ఏళ్ళ తరబడి గడిపిన పిల్ల విషయం సానుభూతితో ఆలోచించదగినదే. కాని లండనులో చూచింది ఇది కాదు. బయట జనం ఆమెను ఇంకా తలుస్తున్నారా లేదా అన్నది చూశారు. జనం ఆమెను మరచిపోతే విడిచిపెట్టవచ్చు. మరువలేదు గనుక విడిచిపెట్టరాదు. ఆమె మీద జనానికున్న అభిమానమే ఆమె శిక్షను పొడిగించింది.

జనం మరువలేదన్న మాట మాత్రం నిజమే. 1940 ప్రాంతంలో ఉర్సులా గ్రాహం బోవర్ అనే ఆంగ్ల యువతి జెమె తెగవారి జీవనం తెలుసుకోవడానికి ఉత్తర కచార్ కొండలకు వెళ్ళి అక్కడ మకాం పెట్టింది. తెల్లమనిషి అయిన ఆమెను చూచి, తమ గైడిన్లియే ఈ రూపంలో తిరిగి వచ్చిందని కొందరు ఊరివారు నమ్మారు. కానుకలతో ఆమె చుట్టూ మూగారు. గైడిన్లియు అప్పటికి జైలులో బ్రతికే ఉంది. ఉన్న మనిషిని చూడనివ్వకపోతే, వచ్చిన మనిషిలో ఆమెను చూచుకున్నారు.

1939లో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. నెహ్రూ తానే జైలుకు వెళ్ళాడు. అడిగే నాథుడు లేకుండా పోయాడు. 1944లో జపాను సైన్యాలు ఇంఫాల్, కొహిమాల మీదికి వచ్చాయి. ఏ ఊళ్ళలో ఆమెను విచారించారో ఆ ఊళ్ళ చుట్టూ ఫిరంగులు మ్రోగాయి. ఆమె పుట్టిన కొండలకు సమీపాన ఇంత జరుగుతున్నప్పుడు ఆమె జైలులోనే ఉంది. కొండలలో అలజడి వస్తుందని ఆమెను ఆపిన ప్రభుత్వానికి, అంతకు వెయ్యింతల అలజడి బయటి నుండే వచ్చింది.

తలుపు తెరిచిన రోజు

1946 సెప్టెంబరులో ఢిల్లీలో నెహ్రూ నాయకత్వాన తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. తొమ్మిదేళ్ళ నాడు పత్రికలో వ్రాసినవాడు, ఉత్తరాలలో అడిగినవాడు ఇప్పుడు ఉత్తరువు ఇవ్వగల స్థానానికి వచ్చాడు. 1947లో తురా జైలు నుండి గైడిన్లియు విడుదలైంది. పట్టుబడిన నాటి నుండి లెక్కిస్తే పదిహేనేళ్ళు నిండవస్తున్న సమయం.

దీనిని దయతో చేసిన విడుదల అనాలా, పాలకులు మారినందువల్ల వచ్చిన విడుదల అనాలా? రెండూ నిజమే. ఆమె విషయంలో కొత్తగా బయటపడిన సాక్ష్యం ఏదీ లేదు. చట్టమూ పెద్దగా మారలేదు. అధికారంలో ఉన్న మనుషులు మారారు. దయ చూపాలన్న మనసు ఒకరి వద్ద, అధికారం మరొకరి వద్ద ఉన్నంత కాలం ఆమె లోపలే ఉంది. ఆ రెండూ ఒకచోటికి వచ్చాకనే ఆమె బయటపడింది.

అయితే విడుదలతో కూడా కష్టం తీరలేదు. సొంత ఊరికి వెళ్ళడానికి వెంటనే అనుమతి ఇవ్వలేదు. స్వతంత్ర భారతంలోనూ పాత భయం కొంతకాలం మిగిలింది. టుయెన్‌సాంగ్ ప్రాంతంలో విమ్రాప్ అనే గ్రామంలో తమ్ముడు మరాంగ్‌తో కలిసి ఆమె ఉండవలసి వచ్చింది. 1952లో గాని లువాంగ్‌కావోకు పోనివ్వలేదు. పదిహేడేళ్ళ పిల్లగా వదిలిన కొండలకు ముప్పై ఏడేళ్ళ స్త్రీగా తిరిగి వచ్చింది. 1953లో ప్రధాని నెహ్రూ ఇంఫాల్ వచ్చినప్పుడు వెళ్ళి కలిసి కృతజ్ఞత చెప్పుకుంది. తరువాత ఢిల్లీలో కూడా కలిసి తన జనానికి కావలసినవి అడిగింది.

మళ్ళీ అడవి దారి

పదిహేనేళ్ళు జైలులో ఉంచిన వ్యవస్థ మీద కక్ష పెంచుకోవడం ఆమెకు కష్టమైన పని కాదు. ఆ రోజులలో నాగులకు భారతదేశం నుండి విడిపోయిన దేశం కావాలని సాయుధ పోరు సాగుతోంది. ఆమె ఆ మాటను ఒప్పుకోలేదు. దేశంలో ఉంటూనే జెలియాంగ్‌రోంగ్ ఊళ్ళన్నీ ఒకే పాలన కిందకు తీసుకురావాలని కోరింది. దీనివల్ల ఆమెకు తన జాతిలోనే శత్రువులు ఏర్పడ్డారు. క్రైస్తవం పుచ్చుకున్న నాగులలో చాలామందికి ఆమె హెరకా మతం నచ్చలేదు. ఎదుటి పక్షం నుండి ముప్పు రావడంతో 1960లో ఆమె తన అనుచరులతో మళ్ళీ అజ్ఞాతంలోకి వెళ్ళింది. తెల్లవారి మీద తిరగబడి ముప్పై ఏళ్ళు గడిచాక మళ్ళీ అడవి దారి పట్టవలసి వచ్చింది. 1966లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి బయటకు వచ్చి కొహిమాలో నివాసం ఏర్పరచుకుంది. ఆమె అనుచరులలో కొందరిని నాగాలాండ్ సాయుధ పోలీసులో చేర్చుకున్నారు.

1972లో స్వాతంత్ర్య సమరయోధులకు ఇచ్చే తామ్రపత్రం ఆమెకు ఇచ్చారు. 1982లో పద్మభూషణ్ ఇచ్చారు. ఒకప్పుడు హంతకురాలని శిక్ష వేసిన మనిషినే, ఆ శిక్ష పడిన పోరాటానికే దేశం గౌరవించింది. తెగలన్నీ ఒకే పాలన కిందకు రావాలన్న ఆమె కోరిక మాత్రం తీరలేదు. ఆ ఊళ్ళు మణిపూర్, నాగాలాండ్, అస్సాం అనే మూడు రాష్ట్రాలలోనే ఉండిపోయాయి.

నేటి చట్టం మాట

గైడిన్లియు నాటికీ నేటికీ కొన్ని విషయాలలో తేడా ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండనివారు నేరం చేసినా, ఇక ఎన్నటికీ విడుదల లేని యావజ్జీవ శిక్ష గాని, ఉరిశిక్ష గాని వేయరాదని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. శిక్ష పడినవారు క్షమాభిక్ష కోరడానికి రాజ్యాంగం దారి చూపింది. 72వ అధికరణం ప్రకారం రాష్ట్రపతికి, 161వ అధికరణం ప్రకారం గవర్నరుకు శిక్షను తగ్గించే, మార్చే, క్షమించే అధికారం ఉంది. ఖైదీ తానే గాని, బంధువులు గాని అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీ వ్రాయించడానికి స్తోమత లేనివారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత సహాయం దొరుకుతుంది. లోపల ఉన్నవారి తరఫున అడిగే మనిషి బయట ఒకరైనా ఉండాలన్నది మాత్రం నాడూ నేడూ ఒకటే. ఆ ఒక్క మనిషి దొరకడానికి గైడిన్లియుకు అయిదేళ్ళు పట్టింది. దొరికిన తరువాత కూడా మరి పదేళ్ళు పట్టింది.

సొంత ఊరిలో కన్నుమూత

1991లో ఆమె కొహిమా విడిచి లువాంగ్‌కావో వచ్చేసింది. రెండేళ్ళ తరువాత, 1993 ఫిబ్రవరి 17న, డెబ్బై ఎనిమిదవ ఏట అక్కడే కన్నుమూసింది. 1996లో ఆమె పేర తపాలా బిళ్ళ వచ్చింది. శతజయంతి సందర్భంగా 2015లో ఆమె బొమ్మతో నాణేలు విడుదలయ్యాయి.

ఆమె బ్రతికిన డెబ్బై ఎనిమిదేళ్ళలో పదిహేనేళ్ళు జైలులో గడిచాయి. అయిదేళ్ళు పరాయి ఊరిలో, ఆరేళ్ళు అజ్ఞాతంలో, పాతికేళ్ళు కొహిమాలో గడిచాయి. పుట్టిన ఊరిలో ఉన్న కాలమే తక్కువ. ఏ ఊరి పన్ను కోసం, ఏ ఊరి వెట్టి కోసం పదహారేళ్ళ వయసులో నిలబడిందో, చివరకు ఆ ఊరి మట్టిలోనే కలిసింది.